దారులు మూసి గడువు లెక్కించుట న్యాయమా?

ఒక దేశమునకు పౌరుడు కానివాడు ఆ దేశములో నివసించుటకు ఆధారము వీసా. ఆ వీసాకు ప్రాణము గడువు. ఇన్ని దినములు ఉండవచ్చును, ఆ పిమ్మట పొడిగింపైన పొందవలెను, లేనిచో దేశము విడిచిపోవలెను అనునదే వలస శాసనములన్నిటికిని మూలసూత్రము. ఈ సూత్రము వెనుక ఎవ్వరును పైకి చెప్పని ఊహ యొకటి కలదు: పోదలచినవానికి దారి ఎల్లప్పుడును తెరచియే యుండునని. 2020 మార్చి మాసములో ఆ ఊహ కూలిపోయినది. 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగ ప్రకటించెను. ఆనాడే భారత ప్రభుత్వము తానిచ్చిన వీసాలలో అధికభాగమును తాత్కాలికముగ నిలుపుదల చేసెను. 20వ తేదీన అమెరికా ప్రపంచమంతటను తన కాన్సులేట్లలో సాధారణ వీసా సేవలను ఆపివేసెను. మరి రెండు దినములకే విదేశములనుండి ప్రయాణికుల విమానములు భారతభూమిపై దిగుట ఆగిపోయెను. ఇట్లు పది పన్నెండు దినములలో రాకపోకల దారులన్నియు మూతపడినవి. కాని దారులు మూసిన ప్రభుత్వములలో పెక్కు, పాస్‌పోర్టులమీదను, ఐ-94 అను అమెరికా ప్రవేశ పత్రములమీదను తాము ముద్రించిన తేదీలను మాత్రము యథాప్రకారముగ నడవనిచ్చినవి. మహమ్మారి సాగిన రెండేండ్లలో వీసాదారులు పడిన యాతనలో అధికభాగమునకు ఈ అసంగత్వమే మూలమని నిరూపించుటయు, మరియొక మహమ్మారి రాకమునుపే దీనిని సవరింపవలెనని కోరుటయు ఈ వ్యాసోద్దేశము.

తెలుగువారికి ఈ విషయము పరాయిది కాదు. అమెరికా ఏటేట ఆమోదించు హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తులలో నూటికి డెబ్బదికి పైగ భారతీయులవే. ఆ భారతీయులలో తెలుగువారి భాగమెంతటిదో టెక్సాసులోని ఇర్వింగు, ఫ్రిస్కో పట్టణములను, న్యూజెర్సీలోని ఎడిసన్‌ను చూచివచ్చిన తల్లిదండ్రులందరికిని తెలియును. ఏడాదికి 65,000, అమెరికా విశ్వవిద్యాలయములలో ఉన్నతపట్టము పొందినవారికి మరియొక 20,000 అను పరిమితికి లోబడి, లాటరీలో పేరు వచ్చినవానికి మూడేండ్ల చొప్పున ఆరేండ్లకు లభించు ఈ స్థితి ఒక యజమాని, ఒక ఉద్యోగము, ఒక స్థలము, ఒక వేతనము అను నాలుగింటిపై నిలిచియున్నది. ఈ నాలుగింటిలో ముఖ్యమైన మార్పు ఏది జరిగినను మరల కాగితము పెట్టుకొనవలసినదే. ఉద్యోగమే పోయినచో, 2017 జనవరి నుండి అమలులోనున్న నిబంధన ననుసరించి, గరిష్ఠముగ 60 దినములు మాత్రమే ఉండనిత్తురు. మహమ్మారి ఈ నాలుగింటిని ఒక్కమారుగ కదలించినది. కార్యాలయములు మూతపడి ఇల్లే పనిచోటైనపుడు, పనిచేయు స్థలములో రెండు తావుల పది దినములపాటు అతికించియుంచవలసిన వేతన ప్రకటన పత్రమును ఇంజనీరు తన వంటయింటి తలుపునకొకటి, పడకగది గోడకొకటి అతికించుకొనవలసి వచ్చెను. ఇల్లు వేరొక నగర పరిధిలోనున్నచో అంతటితో తీరదు. యజమాని సవరణ దరఖాస్తే పెట్టవలెను. లోకమంతయు ప్రాణభయముతో ఇంట కూర్చున్న దినములలో ఈ కుటుంబములు తమ ఇల్లు ఏ జిల్లా హద్దులలో ఉన్నదో పటములు పరచి చూచుకొనుచుండినవి.

ఉద్యోగములు పోవుట మొదలైన పిమ్మట కష్టము మరింత లోతునకు దిగినది. 2020 ఏప్రిల్ నాటికి అమెరికాలో నిరుద్యోగము నూటికి 14.7 పాళ్ళకు చేరెను. అప్పుడు పెక్కు సంస్థలు ఉద్యోగులను తొలగింపక, జీతము లేని సెలవుపై పంపి, మంచిరోజులు వచ్చినపుడు మరల పిలిచికొనుటకు నిశ్చయించుకొనెను. పౌరుడైన ఉద్యోగికి ఇది ఒక ఊరట. అతడు ప్రభుత్వమిచ్చు నిరుద్యోగ భృతితో కాలము గడుపుచు పిలుపునకై ఎదురుచూడవచ్చును. హెచ్-1బి ఉద్యోగికి ఆ మార్గము లేదు. పని లేదను నెపముతో అతనిని జీతము లేక బెంచిపై కూర్చుండబెట్టరాదని చట్టము చెప్పుచున్నది. ఒకప్పుడు అక్రమ కన్సల్టెన్సీల బారినుండి కాపాడుటకు పుట్టిన ఈ రక్షణయే ఇప్పుడు అతనికి ప్రతికూలించినది: సెలవుపై పంపరాదు గనుక సంస్థ అతనిని తొలగించుటయే సులభమని తలచెను. తొలగించిన మరుదినమునుండి 60 దినముల లెక్క ఆరంభము. ఆ దినములలో క్రొత్త ఉద్యోగము వెదకి ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు పెట్టించుకొనవలెను, అదియు నియామకములన్నియు స్తంభించిన కాలములో. కానిచో స్వదేశమునకు పోవలెను, అదియు విమానము లేని కాలములో. సందర్శకుని స్థితికి మార్చుడని దరఖాస్తు పెట్టుకొని, దాని ఫలితమునకై నెలల తరబడి ఎదురుచూచుచు, కూడబెట్టిన సొమ్ము కరిగించుకొనినవారు ఎందరో కలరు.

మే 7న, విదేశములలో చిక్కుకొన్న భారతీయులను తెచ్చు వందేభారత్ విమానములు ప్రారంభమైనపుడు ఈ కుటుంబములకు మరియొక ఆటంకము ఎదురైనది. ఇది మన ప్రభుత్వము చేతులార తెచ్చినది. తల్లిదండ్రులు భారత పౌరులు, వారి బిడ్డ అమెరికాలో పుట్టినందున అమెరికా పౌరుడు. ఆ బిడ్డ ఇండియాకు వచ్చుటకు ఆధారమైన ఓసీఐ కార్డుపై వీసా లేని ప్రయాణమును మార్చిలోనే మన ప్రభుత్వము నిలిపివేసియుండెను. ఉద్యోగము పోయి, అద్దె ఇల్లు ఖాళీ చేసి, పెట్టెలు సర్దుకొని, రాయబార కార్యాలయపు జాబితాలో ఎట్టకేలకు చోటు సంపాదించిన దంపతులతో, మీరిరువురు ఎక్కవచ్చును, ఒడిలోని బిడ్డకు వీలు లేదని చెప్పిరి. అమెరికా వెళ్ళిపొమ్మన్నది, ఇండియా బిడ్డను రానీయనన్నది. ఈ రెండు ఆజ్ఞలను ఒక్కమారుగ పాలించుట ఏ తల్లికి సాధ్యము? గగ్గోలు పుట్టిన మీదట మే 22న మైనరు బిడ్డలకు మినహాయింపు ఇచ్చిరి. ఇచ్చినందుకు సంతోషింపవలసినదే, కాని ఒడిబిడ్డను విడదీయు నిబంధన వ్రాయునపుడే అట్టి కుటుంబములు కలవని ఢిల్లీలో నెవ్వరికిని తోచకపోవుట విచారకరము.

గృహిణుల సంగతి వేరుగ చెప్పవలసియున్నది. హెచ్-1బి ఉద్యోగిపై ఆధారపడినవారికిచ్చు హెచ్-4 వీసాపైనున్న భార్యకు పనిచేయు అనుమతి లేనపుడు సోషల్ సెక్యూరిటీ సంఖ్య లభింపదు. పన్ను లెక్కలకై వేరొక సంఖ్యను ఇత్తురు. 2020 మార్చి చివర అమెరికా కాంగ్రెసు పెద్దలకు 1,200 డాలర్లు, పిల్లలకు 500 డాలర్ల చొప్పున సహాయము ప్రకటించినపుడు, దంపతులు కలిసి పన్ను దాఖలుచేసి అందొకరికి సోషల్ సెక్యూరిటీ సంఖ్య లేకున్నచో కుటుంబమంతటికిని సహాయము లేదని చట్టములో వ్రాసిరి. ఏండ్ల తరబడి పన్ను చెల్లించిన భర్తకును లేదు, అమెరికా పౌరులైన పిల్లలకును లేదు. డిసెంబరులో ఈ తప్పును దిద్ది వెనుకటి సొమ్ము ఇచ్చుటకు అంగీకరించిరి గాని, ఆకలికి నెలల వాయిదా యుండదు గదా. పని అనుమతియున్న హెచ్-4 స్త్రీల దుర్గతి మరియొక విధము. 2019 నుండి పొడిగింపు కోరిన ప్రతివారును వేలిముద్రలు ఇయ్యవలెనని నియమముండెను. వేలిముద్రలు తీసికొను కేంద్రములు మహమ్మారి వలన మూతపడినవి. వేలిముద్రలు లేనందున దరఖాస్తు కదలదు. దరఖాస్తు కదలనందున పని అనుమతి గడువు తీరిపోవును. గడువు తీరిన మరుదినము ఉద్యోగము పోవును. మూసినది ప్రభుత్వము, దండన అనుభవించినది ఆమె. ఈ వేలిముద్రల నియమమును 2021 మే మాసములో గాని నిలుపుదల చేయలేదు.

మహమ్మారితో ముఖాముఖి పోరాడిన వైద్యుల స్థితి దీనికన్న దారుణము. అమెరికాలోని వైద్యులలో నాలుగింట నొకవంతు విదేశములలో వైద్యవిద్య నభ్యసించినవారు. వారిలో గుంటూరు, కర్నూలు, ఉస్మానియా, గాంధీ కళాశాలల పట్టభద్రులు పెక్కురు. వైద్యులు దొరకని గ్రామీణ ప్రాంతములలోని ఆసుపత్రులకు కాలుసేతులై పనిచేయువారు వీరే. న్యూయార్కు ఆసుపత్రులు మంచములు చాలక అలమటించుచున్న దినములలో, పొరుగు ఆసుపత్రికి సాయముపోవలెనన్నను వీరి వీసా అనుమతింపదు. దరఖాస్తులో వ్రాసిన ఆసుపత్రిలోనే పనిచేయవలెను. అంతకుమించిన భయమొకటి వీరి ఇండ్లలో నిండియుండెను. వీసాదారుడైన వైద్యుడు రోగులకు సేవచేయుచు వ్యాధి సోకి మరణించినచో, అతనితోడనే అతని భార్యాబిడ్డల స్థితియు ముగియును; భర్తకు కర్మ చేసిన చేతులతోనే ఆమె దేశము విడుచు ఏర్పాట్లు చేసికొనవలెను. పూర్వము వాడక మిగిలిన 40,000 వలస వీసాలను వైద్యులకును నర్సులకును కేటాయింపుడని 2020 మేలో కాంగ్రెసులో ప్రవేశపెట్టిన బిల్లు చట్టము కాలేదు. బ్రిటను ఈ విషయమున మరియొక తీరుగ ప్రవర్తించినది: వైద్యుల, నర్సుల వీసాలను రుసుము లేక ఒక ఏడాది పొడిగించుటయే గాక, సేవచేయుచు కోవిడ్ వలన మరణించిన వలస సిబ్బంది కుటుంబములకు శాశ్వత నివాసహక్కు ఇచ్చి, ఆ పథకమును మే మాసములో ఆసుపత్రి పారిశుద్ధ్య కార్మికులకును సంరక్షకులకును వర్తింపజేసినది. చేయదలచినచో చేయవచ్చుననుటకు ఇంతకన్న నిదర్శనమేల?

ఇంతవరకు లోపలనున్నవారి మాట. సెలవుపై ఇంటికి వచ్చి వెలుపల చిక్కుకొనినవారి కథ వేరు. అమెరికాలో ఉండుటకు అనుమతి ఒకటి, అమెరికాలో ప్రవేశించుటకు పాస్‌పోర్టుపై ముద్ర మరియొకటి. మనవారు స్టాంపింగ్ అని పిలుచు ఈ ముద్రను 2004 వరకు అమెరికాలోనే పునరుద్ధరించుకొను వీలుండెను. ఆ వీలు తీసివేసిన పిమ్మట ప్రతివారును విదేశములోని కాన్సులేటునకు పోవలసినదే. 2020 మార్చిలో బేగంపేటలోని పైగా ప్యాలెస్ కాన్సులేటు తలుపులు మూతపడునప్పటికి, చెల్లెలి పెండ్లికనియో, తండ్రి శస్త్రచికిత్సకనియో మూడు వారముల సెలవుపై వచ్చి స్టాంపింగుకై వేచియున్నవారు వేలకొలది కలరు. వారికి అక్కడ ఉద్యోగమున్నది, ఇల్లున్నది, బడికి పోవలసిన పిల్లలున్నారు. ముద్ర మాత్రము లేదు. జూన్ 22న అధ్యక్షుడు ట్రంపు హెచ్-1బి, ఎల్-1, జె-1 మొదలగు వీసాలపై క్రొత్తగ ప్రవేశించుటను డిసెంబరు 31 వరకు నిషేధించుచు ప్రకటన చేసి, పిమ్మట దానిని 2021 మార్చి 31 వరకు పొడిగించెను. జూలైలో 174 మంది భారతీయులు, అందు పసిపిల్లలు సైతము, వాషింగ్టనులోని న్యాయస్థానము తలుపు తట్టిరి. తల్లి ఇచట, బిడ్డ అచట. భర్త అచట, భార్య ఇచట. ఇట్లు విడివడిన కాపురములు ఒక ఏడాదికి పైగ సాగినవి.

ఆ ప్రకటన గడువు తీరి నెల తిరుగకమునుపే భారతదేశమును రెండవ కెరటము ముంచెత్తినది. 2021 ఏప్రిల్ 30న అధ్యక్షుడు బైడెన్ భారతదేశమునుండి వచ్చు వలసేతరుల ప్రవేశమును మే 4 నుండి నిషేధించెను; ఆ నిషేధము నవంబరు 8 వరకు తొలగలేదు. ఇది పెట్టిన పరీక్ష మనుష్యుని ధర్మమునకే పెట్టిన పరీక్ష. విజయవాడలోనో, వరంగల్లులోనో తండ్రి ప్రాణవాయువు సిలిండరు కొరకు ఆసుపత్రి వసారాలో ఎదురుచూచుచున్నాడు. కుమారుడు డల్లాసులో విమానపు టికెట్టు తెరచి చూచుచు, మూసివేయుచున్నాడు. పోయినచో తిరిగివచ్చు దారి లేదు. తిరిగిరానిచో ఉద్యోగము పోవును, భార్య స్థితి పోవును, పిల్లల చదువు చెడును. అమెరికా పౌరులైన బిడ్డల తల్లిదండ్రులకు ప్రకటనలో మినహాయింపు కలదు గాని, వారికిని స్టాంపింగు కావలసియుండగా కాన్సులేటు అపాయింట్‌మెంట్లు రద్దగుచుండెను. కాగితముపై తెరచిన తలుపు హైదరాబాదులో మూసియే యుండెను. ఇట్లు పోలేక, ఉండలేక, తండ్రి చితికి పిన్నతండ్రి కొడుకు నిప్పు పెట్టుచుండగా సెల్‌ఫోను తెరపై చూచిన కుమారులు తెలుగునాట ప్రతి ఊరికిని చెందినవారు కలరు. తలకొరివి పెట్టు హక్కును ఒక ముద్ర లేమికి తాకట్టు పెట్టించిన శాసనము, తాను ప్రజారోగ్యమును కాపాడితినని చెప్పుకొనజాలదు.

విద్యార్థులను భయపెట్టిన ఉదంతము స్వల్పకాలికమైనను బోధప్రదమైనది. తరగతులన్నియు ఆన్‌లైనులో జరుగు విద్యాలయములలోని విదేశీ విద్యార్థులు దేశము విడిచిపోవలెనని, లేనిచో ప్రత్యక్ష బోధన గల విద్యాలయమునకు మారవలెనని 2020 జూలై 6న అమెరికా వలస అధికారులు ఆజ్ఞాపించిరి. రెండు దినములకే హార్వర్డు, ఎం.ఐ.టి.లు బోస్టను న్యాయస్థానమునకు పోయినవి. 14వ తేదీన ప్రభుత్వము ఆజ్ఞను ఉపసంహరించుకొనెను. ఎనిమిది దినములలో న్యాయము దొరకినది, ఏలయనగా ఆ విద్యార్థుల వెనుక లోకప్రసిద్ధములైన విశ్వవిద్యాలయములు నిలిచినవి. ఎడిసన్‌లోని హెచ్-4 గృహిణి వెనుక ఎవ్వరు నిలువగలరు? స్థితికి రక్షణ చట్టమునుండి రావలెను గాని, అండగనున్నవారి బలమునుండి కాదు.

గ్రీన్‌కార్డుల విషయములో సంభవించిన వైపరీత్యము గణితము తెలిసినవారిని సైతము విస్మయపరచును. కాన్సులేట్లు మూతపడినందున కుటుంబ కోటాలో మిగిలిపోయిన వీసాలు చట్టప్రకారము మరుసటి ఏడు ఉద్యోగ కోటాకు చేరినవి. మామూలుగ 1,40,000 ఉండు ఉద్యోగ వీసాలు 2021 ఆర్థిక సంవత్సరములో 2,62,000కు పెరిగినవి. ఏ దేశమునకును నూటికి 7 పాళ్ళకు మించి ఇయ్యరాదను నియమము వలన దశాబ్దముల తరబడి వరుసలో నిలిచిన భారతీయులకు ఇది ఎన్నడును రాని అవకాశము. కాని అధికారులు దరఖాస్తులను సకాలములో పరిష్కరింపలేకపోవుటచే, సెప్టెంబరు 30తో ఆ సంవత్సరము ముగియునప్పటికి 66 వేలకు పైగ వీసాలు ఎవ్వరికిని చెందక నశించినవి. వీసాదారుడు ఒక్క దినము ఆలస్యము చేసినను క్షమింపని శాసనము, ప్రభుత్వము చేసిన ఆలస్యమునకు మరల వీసాదారునినే శిక్షించినది. ఈ లోపల 21 ఏండ్లు నిండిన పిల్లలు తల్లిదండ్రుల వీసానీడనుండి తొలగింపబడి, తాము పెరిగిన దేశములోనే విద్యార్థి వీసాకై పరుగులిడవలసి వచ్చినది.

అమెరికా మాట ఇంతగ చెప్పి గల్ఫు మాట మరచుట అన్యాయము. అక్కడి తెలుగువారి స్థితి మరింత బలహీనమైనది. నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగరు ప్రాంతములనుండి దుబాయి, మస్కటు, దోహా, రియాదు నగరములకు పోయిన కూలీల ఆకామా, అనగా నివాస అనుమతి, కఫీలు అను పూచీదారు యజమాని చేతిలో నుండును. కడపనుండి, గోదావరి జిల్లాలనుండి కువైటునకు ఇంటిపనికి పోయిన స్త్రీల సంగతియు నంతే. యజమాని ఇంటినుండి పారిపోయి అనుమతి పత్రములు లేక ఖల్లివల్లిగ బ్రతుకువారికి కువైటు 2020 ఏప్రిలులో క్షమాభిక్ష ప్రకటించి, జరిమానా లేక, టికెట్టు తానే ఇచ్చి, తిరిగివచ్చు హక్కును నిలిపి పంపుదునన్నది. అది మంచి మాట. కాని నమోదు చేయించుకొని శిబిరములలో చేరిన మనవారు మన ఆకాశమే మూసియున్నందున మండుటెండలలో వారముల తరబడి పడియుండిరి. ఛుట్టీ మీద ఇంటికి వచ్చినవారికి మరియొక గండము: ఆరు మాసములు దేశము వెలుపలనున్నచో ఆకామా చెల్లదను నియమము. కొన్ని దేశములు దీనిని సడలించినవి. ఐక్య అరబ్ ఎమిరేట్సు మార్చి 1 తరువాత గడువు తీరిన నివాస వీసాలను సంవత్సరాంతము వరకు చెల్లుననిపించి, జూలైలో మనసు మార్చుకొన్నది. మునిగిపోయిన సంస్థల కార్మికులు నెలల జీతమును, ఏండ్ల సేవకు రావలసిన గ్రాట్యుటీని వదలుకొని ఒక సంచితో శంషాబాదులో దిగిరి. ఇంతలో 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము గల్ఫు కార్మికుల కనీస సిఫారసు వేతనములను తగ్గించెను. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యము పడిన పిమ్మట 2021లో గాని దానిని ఉపసంహరించుకొనలేదు.

ఇచట ప్రతివాదుల మాటయు వినవలెను. తన సరిహద్దును కాపాడుకొనుట, కష్టకాలములో ఉద్యోగములు మొదట తన పౌరులకు దక్కవలెననుకొనుట ప్రతి రాజ్యమునకును గల హక్కని వారందురు. ఆ హక్కును నేను కాదనను. క్రొత్తగ రానున్నవానిని కొంతకాలము ఆగుమనుట ఒకటి, ఇదివరకే వచ్చి, పన్ను కట్టి, ఇల్లు నిలుపుకొన్నవానిని దారి లేని వేళ పొమ్మనుట వేరొకటి. ఇక ఆరోగ్యరక్షణ వాదమందురా, 2021 మే నాటి నిషేధములో పౌరులును శాశ్వత నివాసులును పరీక్ష చేయించుకొని అదే విమానములో రావచ్చును. అదే పరీక్ష చేయించుకొన్న హెచ్-1బి ఉద్యోగి మాత్రము రారాదు. అనగా నిషేధము వేరుపరచినది వ్యాధిగ్రస్తుని కాదు, పత్రములో వ్రాసిన స్థితిని. ఆస్ట్రేలియా ఆ మాసముననే మరింత ముందుకు పోయి, ఇండియానుండి వచ్చు తన సొంత పౌరులకే చెరసాల శిక్ష విధింతునని బెదరించి, రెండు వారములలో వెనుకకు తగ్గినది. భయము పాలకులచే ఎంతటి పనులు చేయించునో దీనివలన తెలియును.

గడువును నిలుపుట ప్రభుత్వములకు అసాధ్యమా అనినచో, అసాధ్యము కాదని వాని చేతలే చెప్పుచున్నవి. అమెరికాలో చిక్కుకొని కదలలేకపోయిన విదేశీయులు అచట గడిపిన దినములలో 60 వరకు పన్ను లెక్కకు తీసికొననక్కరలేదని ఆ దేశపు ఆదాయపు పన్ను శాఖయే 2020 ఏప్రిలులో ప్రకటించినది. మన ప్రత్యక్ష పన్నుల బోర్డును అట్టి ఊరటనే ఇచ్చినది. పన్నుల శాఖ నిలుపగలిగిన కాలమును వలస శాఖ ఏల నిలుపరాదు? అంతేకాదు, 2001 సెప్టెంబరు 11 దాడుల పిమ్మట అక్టోబరులో చేసిన చట్టములో అమెరికా కాంగ్రెసే, ఆ విపత్తువలన దరఖాస్తులు పెట్టుకొనలేకపోయినవారికిని, విమానములు లేక వెళ్ళలేకపోయినవారికిని గడువు పెంచి, దాడులలో మరణించినవారి కుటుంబముల స్థితిని కాపాడినది. పోర్చుగలు 2020 మార్చి చివర, దరఖాస్తు పెండింగులోనున్న వలసదారులందరిని నివాసహక్కు గలవారిగ పరిగణించి వైద్యమును సహాయమును అందుబాటులోనికి తెచ్చినది. కెనడా నెలకు 2,000 డాలర్ల సహాయమును, నిర్ణీత ఆదాయమును సంపాదించియున్న తాత్కాలిక కార్మికులకును విదేశీ విద్యార్థులకును ఇచ్చినది. మన హోంశాఖయు మన దేశములో చిక్కుకొన్న విదేశీయుల వీసాలను, అంతర్జాతీయ విమానములు మరల ఎగిరిన పిమ్మట 30 దినముల వరకు, రుసుము లేక పొడిగించునట్లు 2020లో ఉత్తర్వులిచ్చినది. పరదేశికి మనము చూపిన ఈ ఔదార్యమును పరదేశములోని మనవారికి కోరుటకు మనకు అర్హత కలదు.

అమెరికా అధికారులు కరుణ చూపనే లేదని నేననను. నోటీసులకు బదులిచ్చుటకు అదనముగ 60 దినములిచ్చిరి. అసాధారణ పరిస్థితులున్నవని నిరూపించుకొన్నచో ఆలస్యమైన పొడిగింపు దరఖాస్తును సైతము మన్నింతుమనిరి. కాని ఆ మన్నింపు అధికారి ఇష్టముపై ఆధారపడినది; ఒక్కొక్కరును లాయరును పెట్టుకొని, తన కష్టమును తాను వర్ణించుకొని యాచింపవలసినది. కోట్లమందికి ఒక్కమారుగ కలిగిన కష్టమును ఒక్కొక్కరి అసాధారణ పరిస్థితిగ నిరూపింపుమనుట ఎంతవరకు సమంజసము? దయ ఈనాడుండి రేపు లేకపోవచ్చును, చట్టము నిలిచియుండును. 2022 చివరను 2023 ఆరంభమునను టెక్ సంస్థలు వేలకొలది ఉద్యోగులను తొలగించినపుడు, మహమ్మారి తీవ్రత తగ్గినను, అదే 60 దినముల నిబంధన అదే క్రూరత్వముతో మరల మనవారి యిండ్లలో ప్రవేశించినది. ఆ గడువును 180 దినములకు పెంచవలెనని అధ్యక్షుని సలహాసంఘము ఒకటి సిఫారసు చేసినను అది నిబంధనగ మారలేదు.

కావున చేయవలసినది స్పష్టము. మొదటిది, ప్రభుత్వము తానే సరిహద్దును గాని, కాన్సులేటును గాని, వేలిముద్రల కేంద్రమును గాని మూసినపుడు, దానితో ముడిపడిన ప్రతి గడువును ఆ మూత తీయువరకు దానంతట అదియే ఆగునట్లు చట్టములో వ్రాయవలెను. రెండవది, ఉద్యోగము పోయినవానికి ఆరు మాసముల వ్యవధి నియ్యవలెను. మూడవది, స్టాంపింగును దేశములోనే చేయు పద్ధతిని శాశ్వతము చేయవలెను. 2024 ఆరంభములో 20,000 మందికి ప్రయోగముగ అమెరికా విదేశాంగశాఖ దీనిని చేసి చూపినది గనుక వీలుకాదను మాటకు తావులేదు. నాలుగవది, వీసాదారుడు మరణించినపుడు అతని కుటుంబము స్థితి అతనితో పోరాదు. మన ప్రభుత్వము చేయవలసినవి రెండు: భారతీయుల మైనరు బిడ్డల ప్రవేశమును ఏ విపత్తులోను నిలుపకుండుట, గల్ఫునుండి బలవంతముగ తిరిగివచ్చు ప్రతి కార్మికునికి రావలసిన జీతపు బాకీని విమానము దిగిన నాడే నమోదుచేసి, మన రాయబార కార్యాలయము ద్వారా వసూలు చేయు బాధ్యత వహించుట. 1983 నాటి వలస చట్టమును మార్చునపుడు ఈ రెండింటికిని అందు చోటు కల్పింపవలెను.

ఈ కోరికలలో ఏదియు దానము కాదు. వీసాదారుడు తన వంతు నియమమును పాలించినాడు. దారి మూసినది అతడు కాదు. విదేశములలోని తెలుగు సంఘములు సభలకును సంబరములకును చూపు ఉత్సాహములో కొంతభాగమును ఈ చట్టసాధనకు మళ్ళింపవలెను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభలు గల్ఫు కార్మికుల జీతపు బాకీలపై తీర్మానములు చేసి కేంద్రమును నిలదీయవలెను. బిడ్డలను సాగనంపిన ప్రతి కుటుంబమును తన పార్లమెంటు సభ్యునికి ఈ విషయమై ఒక్క లేఖ వ్రాయవలెను. మరియొక మహమ్మారి ఎప్పుడు వచ్చునో ఎవ్వరును చెప్పలేరు. అది వచ్చిన పిమ్మట చట్టము చేయుటకు తీరిక యుండదు. చేయవలసిన కాలమిదియే.